పాతొక వింత, కొత్తొక రోత

కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత గాయకుడు బాబ్ డిలన్ అభిమాని దగ్గర తిరగబడుతుంది. డిలన్ కొత్త ఆల్బమ్ వస్తుందంటే చాలు, ఇంకా వినకుండానే దాన్ని తక్కెడలో వేసేస్తాడు. అవతలి పళ్లెంలో రాయి ఎప్పుడూ ఒకటే: 1975 నాటి ‘బ్లడ్ ఆన్ ద ట్రాక్స్’.

కొత్తదాని మీద ఈ అలక పాతదే. 1966 మే 17న మాంచెస్టర్‌లో, జానపద గాయకుడు ఎలక్ట్రిక్ గిటార్ పట్టడమేమిటన్న మంటతో ప్రేక్షకుల్లో ఒకరు ‘జూడాస్’ అని కేకేశారు. క్రీస్తును పట్టిచ్చిన శిష్యుడి పేరది. అంతకన్నా పెద్ద తిట్టు ఆ హాల్లో దొరకలేదు. తరువాత ఆ తిట్టున్న రికార్డింగునే అభిమానులు ఏళ్ల తరబడి చాటుమాటుగా చేతులు మార్చుకుని అపురూపంగా విన్నారు, అదీ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ అనుకుని. 1998లో అధికారికంగా విడుదల చేసినప్పుడు కంపెనీ కూడా ఆ తప్పు పేరునే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి అమ్మింది.

2012లో ‘టెంపెస్ట్’ ఆల్బమ్ వచ్చాక అభిమానికి అసలు పరీక్ష మొదలైంది. 2015 నుంచి 2017 దాకా డిలన్ మూడు ఆల్బమ్‌లు తెచ్చారు. వాటిలో సొంత పాట ఒక్కటీ లేదు. ఎక్కువగా ఫ్రాంక్ సినాట్రా పాడినవే, మొత్తం 52 పాటలు. పేకముక్కలు కూడా అన్నే. మధ్యలో 2016లో సాహిత్య నోబెల్ వచ్చింది గనుక అభిమాని పరువు నిలబడింది.

చివరికి 2020 మార్చి 27న, లోకమంతా తలుపులేసుకుని కూర్చున్న వేళ, అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య మీద దాదాపు 17 నిమిషాల పాట వచ్చింది. మొదటిసారి విన్న అభిమాని బాణీ ఎక్కడా అని వెతుకుతాడు. రెండోసారి, అందులో వరసగా వచ్చే పాత పాటల పేర్లు లెక్కపెడతాడు. మూడోసారికి అది కళాఖండం. కాదన్నవాడికి చెవులు లేవు. డిలన్ స్వయంగా పాడిన పాట బిల్‌బోర్డ్ జాబితాల్లో ఒకదానిలో మొదటి స్థానానికి చేరడం అదే తొలిసారి. జూన్‌లో ఆ పాటతో సహా ‘రఫ్ అండ్ రౌడీ వేస్’ ఆల్బమ్ వచ్చింది, ఆయనకు 79 ఏళ్లు నిండాక. సీడీ కొన్నవారికి ఆ ఒక్క పాటకే రెండో బిళ్ల ఇచ్చారు. ఇంకొకరు ఇలా చేస్తే వ్యాపారం. డిలన్ చేస్తే మౌనానికి ఇచ్చిన చోటు. గొంతు బొంగురుపోయిందన్న మాట ఇక్కడ ఎవరూ ఎత్తరు. 1962 నుంచీ అదే ఫిర్యాదు.

పండితుల సంగతీ అంతే. 1970లో డిలన్ ఆల్బమ్ ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ వచ్చినప్పుడు ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో గ్రీల్ మార్కస్ తన సమీక్షను అచ్చమైన బూతు ప్రశ్నతో మొదలుపెట్టాడు. 2013లో ఆనాటి మిగులు పాటలను కొత్త సెట్టుగా అమ్మకానికి పెట్టినప్పుడు, దాని లోపలి పుస్తకానికి వ్యాసం రాసిందీ మార్కసే.