నేను మోగే రాతి ఊడను

మర్రికొమ్మ నుంచి ఊడ దిగినట్టు బెలుం గుహ కప్పు నుంచి కిందికి దిగిన రాతి ఊడను నేను. నేనుండే గదిని సప్తస్వరాల గుహ అంటారు. కర్రతో మెల్లగా తట్టితే కంచుగిన్నెలా ఖంగుమంటాను.

నన్ను కన్నది వాన. గుహ పైనున్న కొలిమిగుండ్ల పొలాల మీద పడిన నీరు మట్టిలోకి ఇంకుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. ఆ కాస్త పులుపుకే నల్లని సున్నపురాయి కరుగుతుంది. కరిగిన సున్నాన్ని మోసుకుని చినుకు గుహ కప్పుకు చేరుతుంది. అక్కడ వేలాడుతూ వాయువును విడిచిపెట్టగానే సున్నం రవ్వంత పేరుకుంటుంది. చినుకు రాలిపోతుంది, రవ్వ నాకు మిగులుతుంది. ఒక్క అంగుళం ఎదగడానికి వందల ఏళ్ళు పడుతుంది. రాయలసీమలో కరువొస్తే ఆ చినుకూ ఉండదు, నా ఎదుగుదలా ఉండదు.

వేల ఏళ్ళు నాకు చీకటే తోడు. ఈ గుహల్లోనే జైన, బౌద్ధ భిక్షువులు ధ్యానం చేసుకున్నారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరికీ పట్టలేదు. 1982లో, మళ్ళీ 1983లో డేనియల్ గెబాయర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి లోపలి దారులు కొలిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అన్నిటికన్నా లోతైన చోటు 46 మీటర్ల అడుగున ఉన్న పాతాళగంగ. 2002 ఫిబ్రవరిలో జనానికి గుహల తలుపులు తెరిచారు. నా గదికి మాత్రం 2006లో గానీ పిలుపు రాలేదు. అదే నా అరంగేట్రం.

రాయికి గొంతెక్కడిదని అడుగుతారు. నా తల పైకప్పుకు గట్టిగా అతుక్కుని ఉంది, కింది కొస దేన్నీ అంటకుండా వేలాడుతోంది. ఒంట్లో బీట లేదు. అందుకే దెబ్బ తగలగానే నిలువెల్లా కంపిస్తాను. నా గదిలో ఇంకా ఊడలున్నాయి. మా మందం, పొడవు వేరువేరు గనుక ఒక్కొక్కరిదీ ఒక్కో స్వరం. సన్నగా బీట పడినా చాలు, ఆ స్వరం మొద్దుబారిపోతుంది.

దెబ్బతో మోగే వాద్యమే పియానో కూడా. దానికి 88 మెట్లు. మెట్టు నొక్కితే లోపలి సుత్తి తీగను తాకుతుంది. నాకున్నది ఒకే స్వరం, నా సుత్తి గైడు చేతి కర్ర. అమెరికాలోని లూరే గుహల్లో లీలాండ్ స్ప్రింకిల్ అనే ఆయన నావంటి 37 ఊడలను ఏరి, రబ్బరు సుత్తులు అమర్చి, పియానోకు ఉన్నట్టే మెట్ల వరుస పెట్టి 1950లలో ఒక వాద్యమే తయారుచేశాడు. అంత దూరాన నా జాతివాళ్ళు కచేరీ చేస్తున్నారంటే నాకు గర్వంగా ఉంటుంది.

నన్ను వినడానికి వచ్చేవారికి ఒక్క మనవి. పియానో తీగ తెగితే కొత్తది బిగించుకోవచ్చు. నేను విరిగితే ఇంకొక నన్ను చేయడానికి మళ్ళీ వేల ఏళ్ళ వానలు కావాలి. చేతి జిడ్డు అంటితే కొత్త సున్నం నామీద సరిగా పేరుకోదు, నా ఎదుగుదల ఆగిపోతుంది. గైడు తట్టినప్పుడు చెవి ఒగ్గి వినండి. మీ పిల్లలను కూడా తీసుకొచ్చి వినిపించండి. చేయి మాత్రం వేయకండి.