సంచి దిగేదాకే పూచీ

నెల్లూరు తీరంలో రొయ్యపిల్లలు అమ్మేవాళ్లలో కొందరికి ఒక దివ్యశక్తి ఉంది. వాళ్ల హేచరీలో ఉన్నంతసేపూ ఏ పిల్లకూ జబ్బుండదు. వ్యానెక్కాక కూడా ఉండదు. విడవలూరు దాకానో తోటపల్లిగూడూరు దాకానో వచ్చి, రైతు గట్టు మీద సంచి దిగి, బిల్లు మీద సంతకం పడ్డ మరుక్షణం నుంచి మాత్రం దాని రోగాలన్నీ రైతువే. ఇంత కచ్చితంగా గడియ చూసుకుని యజమానిని మార్చుకునే జబ్బు వైద్యశాస్త్రంలో ఇంకోటి లేదు.

ఆ సంతకం ఎట్టా పడుతుందో చూడండి. తెల్లారుజామున వ్యాను వస్తుంది. ఆక్సిజన్ పట్టిన పాలిథిన్ సంచుల్లో కనురెప్ప వెంట్రుకంత పిల్లలు, లక్షల్లెక్కన. ఒక సంచి విప్పి తెల్ల బేసిన్లోకి వంచుతారు. సెల్‌ఫోన్ లైటు వేస్తారు. చేత్తో నీళ్లు తిప్పితే పిల్లలు ఎదురీదుతున్నాయా? ఈదుతున్నాయి. లెక్క సరిపోయిందా? సరిపోయింది, పైన బోనస్ కూడా. పరీక్ష సమాప్తం. సంచిలో ఆక్సిజన్ అయిపోతోంది, ఎండెక్కకముందే గుంటలో వదలాలి, డ్రైవరు ఇంకో ఊరు పోవాలి. ఆ చీకట్లో, ఆ తొందరలో, తడిచేత్తో గీకిన సంతకానికి తరవాత చెప్పే అర్థం ఏమిటంటే, ఈ పిల్లల పొట్టలోని పరాన్నజీవులను సైతం రైతు స్వయంగా చూసి, తృప్తి చెంది, పుచ్చుకున్నాడని!

ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి బేసిన్లో కనపడే రకం కాదు. పట్టుకోవాలంటే పీసీఆర్ పరీక్ష కావాలి. అది రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. నెల దాటాక చెక్ ట్రే పైకెత్తితే సంగతి బయటపడుతుంది. ఒకేరోజు వదిలిన పిల్లల్లో ఎదిగినవి కొన్ని, గిడసబారినవి ఎన్నో. మేత బస్తాలు ఖాళీ అవుతుంటాయి, ఏరేటర్ల కరెంటు బిల్లు పెరుగుతుంటుంది, కౌంటు మాత్రం రాదు. అప్పుడు రైతు ఫోన్ తీస్తాడు.

"అన్నా, నీ సీడ్ ఎదగడంలే."

"వదిలి ఎన్నాళ్లయింది?"

"నలభై రోజులన్నా."

"నలభై రోజులా! మొదటిరోజే చెప్పుండాల్సింది."

"మొదటిరోజు ఎట్టా తెలుస్తాదన్నా?"

"తెలియనప్పుడు సంతకమెందుకు పెట్టినావు?"

ఇంకేం మాట్లాడతాడు? మొదటిరోజే అడిగుంటే పిల్లలు నిక్షేపంగా ఈదుతుంటే గొడవేంటన్న మాట పడేవాడు. ఇప్పుడడిగితే ఆలస్యం. ఆ పైన దోషుల జాబితా చదువుతారు: నీళ్లు, నేల, మేత, పక్కవాడి గుంట, చివరికి రొయ్యను ముక్కున కరుచుకుని పోయిన కాకి. కాకి మీద కూడా కేసు పెట్టొచ్చు గానీ దాని దగ్గర సంతకం పెట్టిన బిల్లు లేదు.

జబ్బు గుంటలోనే అంటుకునే అవకాశం లేకపోలేదు. పాత మట్టిలోంచి రావచ్చు, పక్క గుంట నీళ్లతో రావచ్చు. కాదనేవాళ్లెవరు? అది తేలాలంటే పంపిన రోజు ఆ బ్యాచ్‌లో ఏముందో తెలియాలి. ఆ నమూనా దాచే పని ఎవరిది? లక్షల పిల్లలను ఒక్క తొట్లో పెంచినవాడిదా, వాటిని గుంటలో వదిలేసిన రైతుదా?

ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చింది. జాతీయ విత్తన సంస్థ విత్తనాలు ముంచాయని ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాలకెక్కారు. విత్తనాన్ని ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించలేదు కాబట్టి కేసు చెల్లదని సంస్థ వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. విత్తడానికి కొన్న రైతు పరీక్ష కోసం కొంత దాచిపెడతాడని ఆశించడం కుదరదంది. రైతు వినియోగదారుడే కాడన్న వాదననూ తోసిపుచ్చింది. చేలో చల్లిన గింజకు ఆ తీర్పు వస్తే, గుంటలో వదిలిన పిల్లకు వర్తించదనడానికి ఉప్పునీళ్లు తప్ప అడ్డమేముంది?

సంతకం కథ ఇంకా పాతది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, కొన్నవాడు సరుకు చూసుకుని తీసుకుంటే ఆ చూపుకు దొరకాల్సిన లోపాల మీదే హక్కు పోతుంది. చూపుకు అందని లోపం అమ్మినవాడి మెడకే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుకు రెండేళ్ల గడువిచ్చింది. సరుకుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. బిల్లు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఏ ఊరి కోర్టు పేరు అచ్చేసుకున్నా, నెల్లూరులో కాపురమున్నవాడు నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. సొంత కష్టంతో పొట్టపోసుకునేందుకు సాగు చేసేవాడిని వ్యాపారస్తుడని గెంటేయడానికీ లేదు. కేసు మూడు నెలల్లో, సరుకు పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా చట్టంలో ఉంది. ఆ ప్రయత్నం నిరంతరాయంగా సాగుతూనే ఉంది.

ఇది రొయ్యపిల్లలకే పట్టిన గతి కాదు. నెల్లూరు ట్రంకురోడ్డులో ఫ్రిజ్జు కొన్నా, ఆన్‌లైన్లో టీవీ తెప్పించుకున్నా ఇదే వరస. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీశారా? తీయలేదా, అయితే పగిలింది మీ ఇంట్లోనే! లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు వాపసు ఇవ్వననడానికీ వీల్లేదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. పెళ్లి వీడియో కూడా అంత శ్రద్ధగా తీయించుకోని జనం మాత్రం, అట్టపెట్టె విప్పడం ఫోన్‌లో పట్టుకుంటున్నారు.

అసలు తమాషా ఓడెక్కాక మొదలవుతుంది. అదే గుంటలో పెరిగిన రొయ్య ఐరోపాకు పోతే, అక్కడివాళ్లు పైపైన చూసి సంతకం పెట్టరు. మందుల అవశేషాల కోసం మన పెంపకపు రొయ్యల సరుకులో సగం పరీక్షించాలని 2016లో నిర్ణయించారు. నిషేధించిన యాంటీబయాటిక్ దొరికితే సముద్రాలు దాటి వెళ్లిన సరుకు కూడా తిరుగుముఖం పడుతుంది. మొదటిరోజే చెప్పుండాల్సిందని వాళ్లనెవరూ అనరు. కాకి మాట ఎత్తరు. కొన్నవాడి హక్కంటే ఏమిటో మన వ్యాపారానికి బ్రహ్మాండంగా తెలుసు, కొన్నవాడు తెల్లవాడైతే.

ఈసారి వ్యాను వచ్చినప్పుడు సంతకం పెట్టండి, దాని పైన మాత్రం ఒక ముక్క రాయండి: "లెక్క సరిపోయింది, లోపలి జబ్బుల సంగతి చూడలేదు." పక్కన బ్యాచ్ నంబరు, తేదీ వేయండి. ఎదురుగానే కొన్ని పిల్లలను సీసాలో పట్టి, ఇద్దరి సంతకాలతో సీలు వేసి, ఆ రోజే ల్యాబ్‌కు పంపండి. అందుకు ఒప్పుకోకుండా సంచులు మళ్లీ వ్యానెక్కించారనుకోండి, పీసీఆర్ ఖర్చు మిగిలినట్టే. లోపల ఏముందో వాళ్లే చెప్పేశారు.