దోమకు వినపడని సంగీతం

అనంతగిరి గుట్టల మీద టెంటు, ముందు చలిమంట, పక్కన గిటారు, చేతికి దోమల రబ్బరు పట్టీ, జేబులో దోమల యాప్. శనివారం సాయంత్రమంటే ఇప్పుడిదే. తార్నాక నుంచి బండ్లు బయల్దేరే ఊపు చూస్తే ఊళ్లో దోమలు అయిపోయాయేమోనని అనుమానం వస్తుంది. అయిపోలేదు నాయనా. గోల్నాకలో ఉన్నాయి, మూసీ ఒడ్డున ఉన్నాయి, మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక కూడా ఉన్నాయి. కుట్టించుకోవడానికి వికారాబాద్ దాకా డీజిల్ తగలెయ్యక్కర్లేదు.

గుట్టలెక్కే వాళ్లతో నాకు పేచీ లేదు. నా ఒళ్లు మండేది ఆ యాప్ చూసి.

"ఇది ఆన్ చేస్కోండి అంకుల్, దోమలు దగ్గరికి రావు. మనకు వినపడని సౌండ్ అది" అని మొన్న ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున నడుస్తుంటే ఓ కుర్రాడు నాకు జ్ఞానోపదేశం చేశాడు. ఫిజిక్సులో పీజీ అట. వినపడని శబ్దానికి డబ్బు కట్టాడు. వినపడనప్పుడు మోగుతోందని ఎలా తెలుసు బాబూ అని అడిగితే, ఫోన్ తెర మీద ఎర్ర దీపం వెలుగుతోందిగా అన్నాడు. ఒక పక్క పోషకాహార సంస్థ, ఒక పక్క రసాయన సాంకేతిక సంస్థ, కాస్త అవతల సీసీఎంబీ. ఇన్ని ప్రయోగశాలల నడుమ ఎర్ర దీపమే రుజువైపోయింది.

ఈ యాప్ అమ్మేవాళ్ల దగ్గర మూడు కథలున్నాయి. మొదటిది: ఇది మగదోమ రెక్కల చప్పుడు, కడుపుతో ఉన్న ఆడదోమ మగదోమ అంటేనే విసుక్కుని పారిపోతుంది. కుట్టేది ఆడదోమే, అంతవరకు నిజం. కానీ దోమ రెక్కల చప్పుడు సెకనుకు కొన్ని వందల కంపనాలు. అది మనకు శుభ్రంగా వినపడుతుంది, అర్ధరాత్రి చెవి పక్కన రాగం తీసేది అదేగా! యాప్‌లో ఉన్నది నిజంగా మగదోమ గొంతే అయితే టెంటంతా గుయ్‌మనాలి. వినపడలేదంటే అది మగదోమ కాదు, వినపడిందంటే ఎవడూ నిద్రపోడు. రెండో కథ దోమల్ని తినే తూనీగ చప్పుడు. తూనీగ రెక్కలు సెకనుకు ముప్ఫై, నలభై సార్లు కొట్టుకుంటాయి. అందులో అల్ట్రాసౌండ్ ఎక్కడిది? మూడోది అలాగే దోమల్ని తినే గబ్బిలం. గబ్బిలం అల్ట్రాసౌండ్ చేస్తుంది, ఒప్పుకున్నాం. దోమకది వినపడాలి కదా. దోమకు చెవి మీసాల్లో ఉంటుంది, అది పట్టుకునేదల్లా ఓ రెండు వేల హెర్ట్జ్ లోపు. వీళ్లు ఇరవై వేలకు పైన వాయిస్తున్నామంటారు. పైగా ఫోన్ స్పీకరుకు ఆ ఎత్తున గొంతే సరిగ్గా లేవదు. పాడేవాడికి గొంతు లేదు, వినేవాళ్లకు చెవి లేదు, టికెట్టు మాత్రం ఉంది.

ఇదంతా నా కడుపుమంట కాదు. దోమల్ని శబ్దంతో తరిమే యంత్రాల మీద ఆరుబయట జరిగిన పది పరీక్షల్ని కోక్రేన్ సమీక్షకులు 2007లో జల్లెడ పట్టారు. యంత్రం మోగినా మోగకపోయినా మనుషుల మీద వాలిన దోమల్లో తేడా లేదు. అమెరికాలో వ్యాపార నియంత్రణ సంస్థ అంతకుముందే, 2001లోనే, ఇలాంటి సరుకు అమ్మేవాళ్లకు హెచ్చరికలు పంపింది. అక్కడ మూటగట్టిన చెత్త ఇక్కడ యాప్‌గా తేలింది.

చేతి పట్టీ సంగతి: మణికట్టు మీద వాలని దోమ మోచేతి మీద వాలుతుంది. సిట్రోనెల్లా కొవ్వొత్తి: ఫొటోకు బాగుంటుంది. వెల్లుల్లి తిన్నవాడి జోలికి దోమ రాదట, దోమ సంగతేమో గానీ మనుషులు రారు.

ఇంతకీ గుట్ట మీద కుట్టేదాన్ని చూశారా? సగం అసలు దోమే కాదు. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లుండే నుసిపురుగు. మామూలు దోమతెర కన్నాల్లోంచి దర్జాగా లోపలికొస్తుంది. బురదలో, పేడ కలిసిన తడినేలలో పుడుతుంది, పొద్దువాలాక లేస్తుంది. గాలి వీస్తే ఎగరలేదు, ఫ్యానుకే ఓడిపోతుంది. సన్న అల్లిక తెర, నిండు చేతుల చొక్కా, ఒంటికి పూసుకునే మందు, గాలి తగిలే చోటు. ఇంతే ఉపాయం. ఇందులో అమ్ముకోవడానికి పెద్దగా ఏమీ లేదు గనక ఎవరూ చెప్పరు.

ఈ నుసిపురుగు కాటును "ప్రకృతి ముద్దు" అని రీలులో రాసినవాడొకడు కనపడ్డాడు. వాడి మీద నాకు నవ్వు రాలేదు. తెలంగాణలో గొల్లకురుమల్ని అడగండి ఆ ముద్దు సంగతి. గొర్రెలకు నీలినాలుక రోగం మోసుకొచ్చేది ఈ జాతి పురుగులే. వానలయ్యాక మూతి వాచి, నాలుక వాచి, కుంటుతూ మేత మానేసిన గొర్రె పక్కన కూచున్నవాడికి ఇది అడ్వెంచర్ కాదు, అప్పు. ఆ మనిషి మంద పక్కన వేపాకు పొగ వేస్తే వెనకబాటుతనం. మీరు టెంటు ముందు లావెండర్ పొగ వేస్తే వెల్‌నెస్. సిగ్గుండాలి.

మూసీ పక్కన బతికేవాళ్లకూ అంతే. నది నిండా మురుగు, దాని మీద గుర్రపుడెక్క, దాని కింద దోమపిల్లలు. పొగబండి వచ్చి గాల్లో ఎగిరేవాటిని ఆ పూటకు చంపుతుంది, నీళ్లలోవి వారం పది రోజుల్లో రెక్కలు తొడుక్కుని లేస్తాయి. ఈ జనానికి ఎవరూ యాప్ అమ్మరు, కొనలేరని తెలుసు. నీళ్లు శుభ్రం చెయ్యమని అడిగితే మాత్రం అందరికీ చెవుడు.

అన్నట్టు, దోమ కథ ఈ ఊళ్లోనే తేలింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టింది ఇక్కడే. బేగంపేటలోని ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలోనే ఉంది. దోమలతో కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే జ్వరరోగికి రాస్ కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. ఆ పరిశోధనకు రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. అప్పుడు కుట్టించుకున్నవాడికి డబ్బిచ్చారు, ఇప్పుడు వాడి దగ్గరే వసూలు చేస్తున్నారు, టెంటుకు అద్దె, పట్టీకి వేరే, యాప్‌కు వేరే.

యాప్ వాళ్లకు నాదో ఆహ్వానం. గోల్నాకకు రండి. మూసీ వైపు కిటికీ తెరిచి మంచం వేస్తాను, పప్పూ పచ్చిపులుసుతో భోజనం పెడతాను. మీ యాప్ రాత్రంతా ఆన్‌లో పెట్టుకోండి, చార్జింగుకు ప్లగ్గు కూడా ఉంది. దోమతెర మాత్రం ఇవ్వను.