హార్వర్డు సంబంధం

అమెరికాలో హైస్కూలు పిల్లవాడికి పేరున్న కాలేజీలో సీటు వచ్చేదీ రానిదీ అంచనా వేసే విద్యకు రెండు శాఖలున్నాయి. ఒకటి శనివారం రాత్రి భోజనాల దగ్గర బాబాయిలు చేసేది, రెండోది డబ్బు తీసుకుని కౌన్సెలర్లు చేసేది. ఫలితాల్లో పెద్ద తేడా కనిపించదు. మొదటిదాంట్లో బిర్యానీ ఉంటుంది.

బాబాయి శాఖ లెక్కతో మొదలవుతుంది. 2024లో హార్వర్డుకు 54,008 దరఖాస్తులు వస్తే 1,937 మందికి సీటిచ్చారు. అంటే నూటికి నలుగురు కూడా కాదు. అయినా బాబాయి జంకడు. ఒక్కోచోట 4 శాతమే అయినా 20 కాలేజీలకు పెడితే ఎక్కడో ఒకచోట తగిలే అవకాశం 56 శాతమని ఫోన్లో గుణించి చూపిస్తాడు. గుణకారంలో తప్పులేదు. కాకపోతే ఆ సూత్రం పాచికలకు పనికొస్తుంది. ఇక్కడ 20 చోట్లకూ వెళ్ళేది ఆ పిల్లవాడే, ఆ మార్కులే, చాలా కాలేజీలకు ఒకటే ఫారంగా పనికొచ్చే కామన్ యాప్‌లో 650 పదాలకు మించకుండా రాసిన ఆ వ్యాసమే. ఒకచోట నచ్చనిది మిగతా పందొమ్మిది చోట్లకూ వెంట నడుస్తుంది.

పైగా ఆ నలుగురన్నది అందర్నీ కలిపి తీసిన సగటు. హార్వర్డు మీద 2014లో పడ్డ దావా పుణ్యమా అని లోపలి లెక్కలు బయటికొచ్చాయి. కోచ్‌లు ఏరుకున్న ఆటగాళ్ళలో 86 శాతానికి, పూర్వవిద్యార్థుల సంతానంలో మూడోవంతుకు సీట్లు దక్కాయట. ఈ రెండోదాన్ని వాళ్ళు లెగసీ అంటారు. తెలుగులో మేనరికం అంటే సరిపోతుంది. బయటి సంబంధాలు చూడకపోరు, కానీ ఇంట్లో పిల్ల ఉండగా... ఆ దావాలోనే 2023లో సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం కొట్టేసింది గానీ మేనరికం జోలికి పోలేదు. 2019లో బయటపడ్డ కాలేజీ ప్రవేశాల కుంభకోణంలో కొందరు ధనవంతులు పిల్లలు ఎన్నడూ ఆడని ఆటల్లో వాళ్ళను ఆటగాళ్ళుగా చూపించి, కోచ్‌ల చేతులు తడిపి వరస కలుపుకున్నారు. వాళ్ళలో కొందరు జైలుకూ వెళ్ళారు.

కొన్ని కాలేజీల్లో ముందే తాంబూలాలు పుచ్చుకునే పద్ధతి ఉంది. దాని పేరు ఎర్లీ డెసిషన్. నవంబరులో దరఖాస్తు, డిసెంబరులో జవాబు, సీటిస్తే చేరాల్సిందే. నాలుగు కాలేజీలు ఎంతెంత ఆర్థిక సాయం ఇస్తాయో పోల్చుకునే వీలు పోతుంది కాబట్టి, ఇది సాయం అక్కర్లేని ఇళ్ళకు బాగా కుదిరే ముహూర్తం. ఇలా వచ్చిన దరఖాస్తులకు సీటు శాతం ఎక్కువ. ఆ శాతాన్ని కౌన్సెలరు పిల్లవాడి గొప్పకింద జమకడతాడు.

ఇక వ్యాపకాలు. కామన్ యాప్ ఫారంలో వీటికి పది గళ్ళుంటాయి. డాలస్ శివార్లలోనైనా ఎడిసన్‌లోనైనా తెలుగు పిల్లలు వాటిని ఇంచుమించు ఒకేలా నింపుతారు: స్పెల్లింగ్ బీ, రోబోటిక్స్, కూచిపూడి, పదకొండో తరగతిలో స్థాపించిన ఒక సేవాసంస్థ. అరంగేట్రానికి హాలు, నగలు, మృదంగం వాయించడానికి ఇండియా నుంచి రప్పించిన విద్వాంసుడు, వచ్చినవాళ్ళందరికీ భోజనాలు. ఫారంలో దాన్ని వివరించడానికి దొరికే చోటు 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఇంతా చేస్తే, ఆ ఏడు కాలేజీ వాద్యబృందంలో ఓబో అనే ఊదే వాద్యం వాయించేవాడు లేకపోతే ఓబోకు గిరాకీ. ఆ సంగతి బాబాయికీ తెలియదు, కౌన్సెలరుకూ తెలియదు.

మార్చి నెలాఖరుకు జవాబులొస్తాయి. అవుననీ కాదనీ తేల్చనిదాన్ని వెయిట్‌లిస్టు అంటారు. ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామని పెళ్ళివారు లేచి వెళ్ళినట్టే ఇది. మే 1 లోపు స్టేట్ యూనివర్సిటీకి డిపాజిట్ కట్టాలి. ఆ కాలేజీ పేరు అంతవరకూ ఏ భోజనాల దగ్గరా ఎవరూ ఎత్తి ఉండరు.