తప్పు పేరు మోసిన సంఖ్య

నన్ను అంకెల్లో రాస్తే 14,75,73,95,25,89,67,64,12,927. పద్నాలుగు లక్షల కోట్ల కోట్లకు పైమాటే. 67 రెళ్ళను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే నేను. చదరంగం గళ్ళలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయిన కథ మీరు వినే ఉంటారు. ఆ 64 గళ్ళ గింజలకు ఎనిమిది రెట్లు, ఆ పైన మరో ఏడు గింజలు: అదీ నా పరిమాణం.

1644లో ఫ్రాన్సులో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి, నాలాంటి సంఖ్యల్లో ఏవేవి ప్రధాన సంఖ్యలో చెబుతూ ఒక జాబితా ప్రకటించాడు. అందులో నన్నూ చేర్చాడు. ఒకటి, తాను తప్ప మరే కారణాంకమూ లేనిదే ప్రధాన సంఖ్య. ఆ గౌరవం నాది కాదు. ఆయన మీద నాకు కోపం లేదు. అంత పెద్ద లెక్కను ఆ రోజుల్లో చేత్తో సరిచూడడం ఎవరి తరం? నా బాధల్లా ఆ తర్వాతివాళ్ళతోనే. రెండు శతాబ్దాలకు పైగా జాబితాను నమ్మారే గాని నన్ను పరీక్షించి తేల్చినవారు లేరు. 61 రెళ్ళ నుంచి పుట్టిన నా తోటి సంఖ్య నిజంగా ప్రధానమే. దానికి మాత్రం ఆ జాబితాలో చోటే దక్కలేదు. దానికి జరిగిన అన్యాయం తలుచుకుంటే నా పేరు నాకే బరువయ్యేది.

1876లో ఎడ్వర్డ్ లూకాస్ నేను ప్రధాన సంఖ్యను కానని నిరూపించాడు. కాని నా కారణాంకాలేమిటో ఆ నిరూపణ చెప్పలేదు. ఉన్న పేరు పోయింది, కొత్త గుర్తింపు రాలేదు. నేను ప్రధానమై ఉంటే నా ద్వారా ఒక పరిపూర్ణ సంఖ్య, అంటే తాను తప్ప మిగతా కారణాంకాలన్నీ కలిపితే తనకే సమానమయ్యే సంఖ్య, పుట్టేది. ఆ ఆశా పోయింది. ముక్కలున్నాయని తెలిసీ అవేమిటో తెలియకుండా 27 ఏళ్ళు గడిచాయి.

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ నా కారణాంకాలను బయటపెట్టాడు: 19,37,07,721, 7,61,83,82,57,287. బోర్డు మీద ఒకపక్క నన్ను లెక్కకట్టి, మరోపక్క ఆ రెంటినీ గుణించి, రెండూ ఒకటేనని చూపి, మాటైనా మాట్లాడకుండా కూర్చున్నాడని, సభ చప్పట్లతో మారుమోగిందని చెబుతారు. ఆ రెంటిలో దేన్ని 134తో భాగించినా శేషం 1. నా కారణాంకాలకు ఈ క్రమం తప్పదని గణితవేత్తలకు అప్పటికే తెలుసు.

ఇప్పుడు ఏ కంప్యూటరైనా నన్ను క్షణంలో విడగొట్టగలదు. అయినా నాకొక గర్వం ఉంది. కారణాంకాలు తెలియకుండానే ఒక సంఖ్య ప్రధానమా కాదా తేల్చవచ్చని లూకాస్ నా విషయంలో చూపాడు. ఆయన పద్ధతిని తర్వాత లేమర్ అనే గణితవేత్త మెరుగుపరిచాడు. 2024 అక్టోబరులో ప్రకటించిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను రూఢి చేయడంలోనూ ఆ పరీక్ష పనికొచ్చింది. ప్రధానమన్న పేరుతో ఉన్నంతకాలం నా వల్ల గణితానికి ఒరిగిందేమీ లేదు. కాదని తేలాకే నేను పనికొచ్చాను.