మీట మొహానికి సున్నం

న్యూజెర్సీలో ఉండే మా బావమరిదికి కిందటేడు కొత్త జబ్బు పట్టుకుంది. బీపీ కాదు, షుగరూ కాదు, స్విచ్చుల రంగు. వాడు కొన్న పాతింట్లో మునుపటి యజమాని ఎప్పుడో ముచ్చటపడి బిగించిన స్మార్ట్ డిమ్మర్లు పదిహేడున్నాయి. నొక్కితే లైటు వెలుగుతుంది, నొక్కి పట్టుకుంటే తగ్గుతుంది. అన్నీ బుద్ధిగా పనిచేస్తున్నాయి. దోషమల్లా ఒక్కటే. గోడలు తెల్లవి, వాటి మొహాలు లేత బాదం రంగు.

"చూడండి బావగారూ, గారపట్టిన పళ్లలా లేవూ?" అన్నాడు, మేం దిగి గంటైనా కాకముందే. నాకు లైటు వెలగడమే కనబడింది. చత్వారం అనుకుని జాలిపడ్డాడు.

మనకు తెలుపంటే సున్నం, పాలు, మల్లెపువ్వు. అక్కడితో సరి. అమెరికాలో స్విచ్చు కొనాలంటే వైట్, ఐవరీ, ఆల్మండ్, లైట్ ఆల్మండ్. ల్యూట్రాన్ వాళ్ల పట్టికలో స్నో, బిస్కెట్, ఎగ్‌షెల్ కూడా ఉన్నాయి. అది చదువుతుంటే స్విచ్చు నొక్కాలనిపించదు, టీ తాగాలనిపిస్తుంది. ఒకప్పుడు ఆ బాదమే అక్కడి గోడలకు పరువు. ఇప్పుడదే ఇల్లమ్మే ఏజెంటు మొహం చిట్లించే మచ్చ. జాకెట్టు గుడ్డ కోసం మా ఆవిడ మేచింగ్ సెంటర్లన్నీ తిరిగినప్పుడు నేను నవ్వాను. ఆ పాపం తమ్ముడి రూపంలో తగిలింది.

పాపం, డిమ్మరు చిన్న వస్తువేం కాదు. పూర్వం రియోస్టాట్లు లైటు తగ్గించి మిగిలిన కరెంటును వేడిగా తగలేసేవి. జోయెల్ స్పైరా అనే ఆయన ఇంటిగోడలో ఇమిడే ఎలక్ట్రానిక్ డిమ్మరు తయారుచేసి, 1959లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1961లో ల్యూట్రాన్ కంపెనీ మొదలుపెట్టాడు. సెకనుకు 120 సార్లు కరెంటును తుంచి, బల్బుకు కావలసినంతే వడ్డించే పనితనం అది. ఇంత వంట లోపల జరుగుతుంటే, మావాడి దిగులంతా గిన్నె మూత రంగు గురించి.

రంగు మార్చడానికి కిట్టు దొరుకుతుంది. చిన్న ప్లాస్టిక్ మూత. శనివారం ముహూర్తం పెట్టాం. ముందు బ్రేకరు ఆపాలి. ఏది ఆపాలో రాసిన చీటీ మునుపటి యజమాని చేతిరాత. మొదటిది ఆపితే ఫ్రిజ్ ఆగింది, రెండోది ఆపితే అత్తగారి సీరియల్ ఆగింది. మూడోదానికి గదిలో లైటు ఆరింది గానీ, అప్పటికి ఇంట్లో శాంతి కూడా ఆరింది. తర్వాత పలక విప్పి, చట్రం పక్కనున్న కొక్కేలను సన్న స్క్రూడ్రైవరుతో నొక్కాలి. నొక్కాడు. టప్‌మంది. మూత ఊడింది, కొక్కెం విరిగింది, సూచిక దీపపు కాంతిని బయటికి తెచ్చే అగ్గిపుల్లంత గాజులాంటి ప్లాస్టిక్ ముక్క ఎగిరి కార్పెట్లో పడింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వాడూ, రిటైర్డ్ హెడ్మాస్టరు నేనూ మోకాళ్ల మీద పాకుతూ గంటసేపు వెతికాం. పాకడం నేర్చుకుంటున్న మనవరాలికి తోడు దొరికింది.

పదిహేడింట్లో ఆరు మారాయి. మిగతావాటికి తెల్ల మూతలు దొరకలేదు. ఆ మోడలు ఎప్పుడో ఆపేశారట. కంపెనీ ఏదో చెప్పను, వాళ్ల జవాబు మాత్రం చెబుతాను: కొత్త డిమ్మరు కొనండి! టోపీ మాసిందని తల మార్చుకోమనడం ఇదే. మార్చుకుందామన్నా కుదరదు. కొత్త మోడళ్లలో చాలావాటికి న్యూట్రల్ తీగ కావాలి. స్విచ్చు డబ్బాలో ఆ తీగ ఉండాలన్న నియమం అమెరికా విద్యుత్ కోడ్‌లోకి వచ్చింది 2011 కూర్పులో. ఇల్లు అంతకంటే చాలా ముందుది. అంటే మూత తెల్లబడాలంటే గోడ పగలాలి.

కొత్తవి కొన్నా భరోసా ఏముంది? ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ ఇంటి సరుకు 2005లో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఒక్కమాటైనా చెప్పకుండా దాని సర్వర్లు కళ్లు మూసేశాయి. యాప్ మూగబోయింది. చివరికి వాడకందార్లే కొందరు కలిసి, జూన్‌లో ఆ కంపెనీని కొనుక్కుని బతికించుకున్నారు. స్విచ్చు కొన్నవాడు కంపెనీ కూడా కొనుక్కోవలసి రావడం స్మార్ట్ యుగంలోనే సాధ్యం.

ఇక్కడే నాకు మావాడి జబ్బు మూలం దొరికింది. ఆ స్విచ్చు తెలివి ఎక్కడో సర్వర్లో ఉంది. ఆయుష్షు కంపెనీ లెక్కల పుస్తకంలో ఉంది. డబ్బు పోసి కొన్నవాడి చేతికి మిగిలింది మూత. అధికారం లేని సర్పంచి పంచాయతీ ఆఫీసుకి ఏటా రంగేయించినట్టు, వాడు ఆ మూత మీద తన యజమానితనం చూపించుకుంటున్నాడు. వ్యాపారికీ అదే కావాలి. మూత రంగు గురించి బెంగపడేవాడు లోపలిది ఎన్నాళ్లు బతుకుతుందని అడగడు.

మావాడు ఊరుకోలేదు. మిగిలిన పదకొండు మూతలూ ఊడదీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పులిమి, పలకల మీద పరిచి పెరట్లో ఎండబెట్టాడు. ఎండకు పచ్చబడ్డ పాత కంప్యూటర్ ప్లాస్టిక్కుని అలా తెల్లబరుస్తారట. వీటికి పుట్టుకతోనే ఆ రంగని చెప్పినా వినలేదు. అత్తగారు కిటికీలోంచి చూసి, "ఒరేయ్, వడియాలా? కాకులొస్తాయి, కర్ర పెట్టు" అంది. సాయంత్రానికి కాకులూ రాలేదు, తెలుపూ రాలేదు.

రాత్రి భోజనాలయ్యాక హాల్లో కూర్చున్నాం. గోడమీద వరసగా రెండు తెల్లవి, మళ్లీ బిగించిన ఒక బాదం. మావాడు వాటికేసే చూస్తూ నిట్టూర్చాడు. అత్తగారికి విసుగొచ్చింది. లేచి వెళ్లి, బాదం మొహందాన్నే నొక్కి పట్టుకుంది. లైటు మెల్లగా తగ్గి, గుడ్డిదీపమంత అయింది.

"ఇప్పుడు చెప్పు, ఏది తెలుపు, ఏది బాదం?"

మావాడు కళ్లు చికిలించి చూశాడు. చెప్పలేకపోయాడు.