మురుగుకు స్టార్ హోదా

సాగునీరు, మురుగునీటి పారుదలపై అంతర్జాతీయ మహాసభ 2023 నవంబరులో విశాఖలో జరిగింది. చర్చనీయాంశం: సేద్యానికి నీటి కొరత.

వేదిక ఎంపిక భేష్. విమానాశ్రయం ఉంది, స్టార్ హోటళ్లున్నాయి, బీచ్ ఉంది.

పాపం, వేదిక కావడానికి కోనసీమలోని అంతర్వేదికి ఏం అర్హతలున్నాయి? అక్కడ వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది, అంతే!

కోనసీమలో మురుగు కాలువలు పూడిపోతే చేలు మునుగుతాయి. 2011లో రైతులు విసిగి క్రాప్ హాలిడే ప్రకటించారు. అదేమన్నా పరిశోధన పత్రమా, వేదికెక్కి చదవడానికి?

అంతర్వేది జనాన్ని తట్టుకోలేదనడానికీ లేదు. అక్కడి నరసింహస్వామి కల్యాణానికి ఏటా లక్షల మంది వస్తారు. అయితే వాళ్ల మెడలో ప్రతినిధి కార్డు ఉండదు.

అసలు చిక్కు వేరే ఉంది: మోకాలి లోతు నీళ్లలో పవర్‌పాయింట్ ఆడదు!